లైన్‌లో లోపం లేదు

బట్టలకు రంగులేసే ఆ డైయింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్ళు రంగుల మేస్త్రిగా చేసిన మనిషిని అందరూ డేగ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. అదీ గౌరవంతోనే. ఎవరైనా ఒక గుడ్డముక్క తెచ్చి బల్ల మీద పడేసి సరిగ్గా ఇదే రంగు కావాలంటే, ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుగులో ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి, నీలం ఇంత, ఎరుపు ఇంత, పసుపు నలుసంత అని లెక్క చెప్పేవాడు. ల్యాబ్‌లో చిన్న గిన్నెలో ఉడికించి తీస్తే అచ్చు గుద్దినట్టు అదే రంగు దిగేది. రెండోసారి ఉడికించాల్సి వస్తే ఆ పూట ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆ మిల్లులోనే బోర్డులూ వైర్లూ చూసే టెక్నీషియన్ ఆయన మేనకోడలు. తల్లి పోయేనాటికి ఆమెకు ఆరేళ్ళు. పిల్లలు లేని మామయ్యా అత్తయ్యా తెచ్చి పెంచుకున్నారు. ఎలక్ట్రానిక్స్ చదివించారు. చదువు అయ్యాక మామయ్యే ఆమెను వెంటబెట్టుకుని మేనేజర్ గదికి వెళ్ళి, "మా అమ్మాయి, పని చూసి నచ్చితేనే ఉంచుకోండి" అని ఒక్క మాట చెప్పి వచ్చేశాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆమె చెయ్యి పెట్టనిదే ఆ మిల్లులో ఏ మిషనూ కదలని పరిస్థితి వచ్చింది. పనివాళ్ళు ఆమెకు వైర్లమ్మ అని పేరు పెట్టారు. డేగ, వైర్లమ్మ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర కూర్చుని డబ్బాలు విప్పుకుంటుంటే, పైన కన్ను, కింద తీగ, ఇక ఈ మిల్లుకు లోటేమిటని క్యాంటీన్‌లో వేళాకోళమాడేవాళ్ళు.

మామయ్య చెప్పిన లెక్కను ల్యాబ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళు. అక్కణ్ణుంచి అది ఒక తీగ గుండా కింద షెడ్డులో ఉన్న డోసింగ్ మిషన్‌కు చేరేది. ఆ మిషన్ పన్నెండు పీపాల్లోంచి అంకె ప్రకారం రంగు తోడి ఉడికే తొట్టెలో కలిపేది. చాలా పాత మిషన్. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తే అందుకోవడమే దానికి తెలుసు. వచ్చింది సరైనదేనా అని తిరిగి అడగడం దానికి తెలియదు.

ఒక ఏడాది ఆ మిషన్‌ను కొత్త షెడ్డుకు మార్చారు. తీగ పొడవు ఇరవై మీటర్ల నుంచి తొంభై అయింది. ఆ రోజు నుంచీ అక్షరాలు మధ్యలో రాలిపోవడం మొదలైంది. ఉత్పత్తి ఆగిపోయింది. మేనేజర్ గంటకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకునేవాడు. ఆమె మిషన్ బోర్డు బయటికి తీసింది. తీగ మీద వచ్చే సంకేతాన్ని అందుకునే రిసీవర్ చిప్ ఒకటి అందులో ఉంటుంది. తీగలో వోల్టేజీ పై గీతను దాటితే అది ఒకటి అంటుంది, కింది గీత కంటే దిగితే సున్నా అంటుంది. ఆ రెండు గీతల మధ్య కావాలనే కొంత ఎడం ఉంచుతారు. ఎడమే లేకపోతే తీగ కాస్త వణికినా చిప్ ఒకటీ సున్నా, ఒకటీ సున్నా అంటూ తడబడుతుంది. ఆ ఎడాన్నే హిస్టెరిసిస్ అంటారు. చిప్ పక్కన ఉండే ఒక చిన్న రెసిస్టర్ మారిస్తే ఎడం పెరుగుతుంది, తగ్గుతుంది.

దూరం నుంచి వస్తున్న సంకేతం నీరసంగా ఉందనీ, పై గీత దాకా ఎక్కలేకపోతోందనీ సంకేతాన్ని తెర మీద గీతగా చూపే స్కోపులో ఆమెకు కనబడింది. రెసిస్టర్ మార్చి ఎడం బాగా తగ్గించింది. అక్షరాలు రాలడం ఆగింది. అంతా కలిపి పావుగంట పని. మేనేజర్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. మామయ్య చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో నిలబడి, మా అమ్మాయే అన్నట్టు ఒకసారి చుట్టూ చూశాడు, అంతే. ఆమె తన రిజిస్టర్‌లో ఒక్క ముక్క రాసుకుంది: రిసీవర్ రెసిస్టర్ మార్చడమైనది, లైన్ పనిచేయుచున్నది.

రెండేళ్ళు ఏ గొడవా లేకుండా గడిచిపోయాయి. తర్వాత తడిబట్ట పిండే కొత్త హైడ్రో మిషన్ ఒకటి వచ్చింది. ఏనుగంత మోటారు. డోసింగ్ మిషన్‌కు వెళ్ళే తీగ దాని వెనక గోడ మీదుగానే పోతుంది. దాన్ని బిగించిన వారం ఆమె జ్వరంతో ఇంట్లో ఉంది. తిరిగి వచ్చాక చూసింది, బాగానే బిగించారనుకుంది.

కొన్నాళ్ళకు రంగులు తప్పడం మొదలైంది. అన్నీ కాదు, పదిహేను బ్యాచుల్లో ఒకటి. ల్యాబ్ గిన్నెలో సరిగా వచ్చిన బూడిదరంగు, తొట్టెలో మాత్రం నీలానికి తిరిగేది. మామయ్య చూసి, ఇది తను ఇచ్చిన లెక్క కాదనేవాడు. కంప్యూటర్ తెరిచి చూస్తే ఆయన ఇచ్చిన లెక్కే ఉండేది. సరిదిద్దడానికి ఇంకో లెక్క ఇచ్చేవాడు. అది ఒక్కోసారి కుదిరేది, ఒక్కోసారి ఇంకా చెడేది. ఒకే ఆర్డరు కర్టెన్ల బట్ట మూడు రంగుల్లో తేలి, మొత్తం వెనక్కి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళు మునుపటిలా ఉంటాయా అని మొదట ఒకరన్నారు. తర్వాత అందరూ అన్నారు.

"నా లెక్క మిషన్‌కు చేరట్లేదు. మధ్యలో ఏదో అవుతోంది. లైన్ చూపించండి," అని మామయ్య మేనేజర్ గదిలో పట్టుబట్టాడు. మేనేజర్ సరేనన్నాడు. పని నడుస్తుండగా ఆపడం కుదరదు కాబట్టి సెలవు రోజున చూడమని ఆమెకు చెప్పాడు.

ఆ సెలవు రోజు మిల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఒక్క మోటారూ తిరగడం లేదు. ఆమె ఒక్కతే కూర్చుని కంప్యూటర్ నుంచి నూరు లెక్కలు పంపింది. నూరూ అంకె పొల్లుపోకుండా చేరాయి. రిజిస్టర్ తెరిచి, లైన్‌లో లోపం లేదు అని రాసి, కింద సంతకం పెట్టింది. ఉద్యోగం వచ్చాక వేరే గదిలో ఉంటున్న ఆమె, అక్కణ్ణుంచి నేరుగా మామయ్య ఇంటికి భోజనానికి వెళ్ళింది.

అత్తయ్య వడ్డిస్తుంటే ఆమె చెప్పింది.

"మామయ్యా, నూరుసార్లు పంపి చూశాను. ఒక్కటి కూడా తప్పు రాలేదు. లైన్ బాగుంది. ఒక్కసారి కళ్ళు చూపించుకో."

ఆయన కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నువ్వే చూశావా?" అని అడిగాడు. నేనే చూశానంది. "అయితే అలాగేలే," అని మళ్ళీ తినసాగాడు. అత్తయ్య ఇంకొంచెం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ తర్వాత మిల్లులో ఆయన కళ్ళకు పరీక్ష పెట్టారు. రంగురంగుల బిళ్ళలున్న పెట్టె తెచ్చి, లేతదాని నుంచి ముదురుదాని దాకా వరసగా పేర్చమన్నారు. అలాంటి పెట్టెలు ఆయన కుర్రతనంలో ఆటగా పేర్చేవాడు. ఆ రోజు మాత్రం చుట్టూ నలుగురు నిలబడి ఉండగా, ఒక్కో బిళ్ళా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి నాలుగు చోట్ల తప్పాడు. ఆయన్ను గోదాము గేటు దగ్గరికి మార్చారు. అక్కడెవరో చమత్కారి ఒక ఎర్ర దారపుకండె, ఒక ఆకుపచ్చ కండె ఆయన బల్ల మీద పెట్టి, "డేగగారూ, వీటిలో ఎర్రది ఏదో కాస్త చెప్పరూ," అన్నాడు. ఇప్పుడు ఆ పేరు ఎదురుగానే పిలిచేవాళ్ళు. ఆయన పదకొండు రోజులు చేసి, ఇక రానని చీటీ రాసిచ్చి ఇంటికి వచ్చేశాడు.

ఇంటికి వచ్చిన మనిషి రంగులతో తెగతెంపులు చేసుకున్నాడు. కూరగాయలకు వెళ్ళడం మానేశాడు, పండిందేదో పచ్చిదేదో తనకేం తెలుస్తుందని. తెల్ల చొక్కాలు తప్ప వేసుకోవడం మానేశాడు. రోడ్డు దాటేటప్పుడు సిగ్నల్ దీపం చూడకుండా, పక్కవాళ్ళు కదిలితేనే కదిలేవాడు. రక్తపోటుకు వేసుకునే మాత్రను అరచేతిలో పెట్టుకుని, "గులాబీదేనా ఇది?" అని అత్తయ్యను రోజూ అడిగేవాడు. గులాబీదేనండీ అని ఆవిడ రోజూ చెప్పేది. మేనకోడలు వారానికోసారి వెళ్ళి ఇదంతా చూసి వచ్చేది. వయసు మీదపడితే ఎవరికైనా తప్పదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకునేది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే మామయ్య ఒప్పుకునేవాడు కాదు. తెలిసిన సంగతే మళ్ళీ వాళ్ళ నోట ఎందుకు వినడం అనేవాడు.

మేస్త్రి కుర్చీలోకి ఒక కొత్త యువకుడు వచ్చాడు. అతను కంటితో చూడడు. అరచేతిలో పట్టే మీటరు ఒకటి గుడ్డ మీద ఆనిస్తాడు, అది అంకెలు చెబుతుంది. మంచివాడే, పనిమంతుడే. అతను వచ్చిన రెండో నెలలో బూడిదరంగు మళ్ళీ నీలానికి తిరిగింది. మేనేజర్ అతన్ని ఒక్క మాట అనలేదు. ఆమెను పిలిచి, "మీటరు అబద్ధం చెప్పదు కదమ్మా. లైన్‌లోనే ఏదో ఉండుంటుంది, చూడండి," అన్నాడు. మనిషి చెప్పినప్పుడు చెవినపడని మాట మీటరు చెబితే ఇట్టే పడింది. ఆ తేడా అప్పుడే ఆమెకు చురుక్కుమంది.

ఆర్డరు తొందరలో ఉంది, సెలవు రోజు దాకా ఆగే వీల్లేదు. అందుకని పని నడుస్తుండగానే ఆమె డోసింగ్ మిషన్ వెనక నేల మీద కూర్చుని, స్కోపు తగిలించి చూడసాగింది. గంటసేపు అంతా సవ్యంగానే ఉంది. ఇంతలో గోడ అవతల హైడ్రో మోటారు అందుకుంది. తెర మీది గీత ఒళ్ళు జలదరించినట్టు వణికింది. సరిగ్గా అదే క్షణంలో పైనుంచి ఒక లెక్క దిగుతోంది. నీలం పాయింట్ ఒకటి ఐదు అని పంపింది కంప్యూటర్. పాయింట్ ఒకటి ఏడు అని చదువుకుంది మిషన్. ఐదుకూ ఏడుకూ మధ్య తేడా ఆ భాషలో ఒకే ఒక్క సున్నా ఒకటి కావడం.

ఆమె లేవలేదు. మోటారు ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా అక్కడే కూర్చుంది. గీత మళ్ళీ వణికింది. మళ్ళీ. రిజిస్టర్ తెప్పించుకుని వెనక పేజీలు తిప్పింది. తన దస్తూరీయే, గుండ్రంగా, గర్వంగా ఉంది. రెండు గీతల మధ్య ఎడం తుడిచేసింది తను. ఏ వణుకు నుంచి కాపాడటానికి ఆ ఎడం పెడతారో, ఆ వణుకు తెచ్చే మోటారు ఊరికే ఉన్న రోజు చూసుకుని లోపం లేదని రాసిందీ తనే.

రెసిస్టర్ మళ్ళీ పెద్ద ఎడానికి మార్చింది. మార్చగానే మునుపటిలాగే అక్షరాలు రాలిపోయాయి. అప్పుడు తీగ పట్టుకుని తొంభై మీటర్లూ వెతుక్కుంటూ వెళ్ళింది. సగం దారిలో, ఆవిరి గొట్టం కింద, తీగలు కలిపే పాత పెట్టె ఒకటి ఉంది. మూత తీస్తే లోపల స్క్రూలు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సంకేతం నీరసపడింది దూరం వల్ల కాదు, ఆ చిలుము వల్ల. గరుకు కాగితంతో రుద్ది, బిగించి వచ్చేసరికి సంకేతం నిటారుగా నిలబడింది. ఇప్పుడు హైడ్రో ఎంత మొత్తుకున్నా చిప్ చలించలేదు. మూడేళ్ళ కిందట చేయాల్సిన పని అదే. అప్పుడు తీగ వెంట నడవకుండా, కుర్చీలో కూర్చునే దారి చూసుకుంది.

రిపోర్టు రాసింది. చివరి పేరాలో, పాత మేస్త్రి మీద పడిన నింద పూర్తిగా తప్పనీ, ఆ తప్పుకు కారణం తను చేసిన మార్పూ తను చేసిన తనిఖీయూ అనీ, ఈ సంగతి ఆయనకు రాతపూర్వకంగా తెలపాలనీ రాసింది. మేనేజర్ అంతా చదివి, భేష్ అని, ఆ పేరా మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టాడు.

"ఇందులో మీ పేరే బయటికొస్తుంది కదమ్మా. ఎవరూ అడక్కుండానే కొరివితో తల గోక్కోవడం ఎందుకు? ఆయనా రిటైరయ్యే వయసు మనిషే కదా."

"ఆయన రిటైరవలేదు సార్. మనమే గుడ్డివాడన్నాం," అంది ఆమె.

ఆ పేరాతోనే రిపోర్టు పైఆఫీసుకు పంపించింది. పది రోజులకు క్యాంటీన్ గోడ మీద ఒక కాగితం అంటించారు. ఫలానా నెలల్లో వచ్చిన రంగు తేడాలు సాంకేతిక కారణాల వల్ల అని అందులో ఉంది. ఎవరి పేరూ లేదు. చదివినవాళ్ళు చదివారు, లేనివాళ్ళు లేదు. నాలుగో రోజున దాని మీదే నీళ్ళ ట్యాంకు శుభ్రం చేసే తేదీల కాగితం అంటించారు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తారని కొందరనుకున్నారు. తీసేస్తే బోర్డులు చూసేదెవరు? మేనేజర్ పలకరింపు మానేశాడు, అంతే.

ఆ కాగితం అంటించకముందే, రిపోర్టు పంపిన సాయంత్రమే, ఆమె మామయ్య ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వెళ్ళింది కానీ, గుమ్మం ఎక్కాక పేర్చుకున్నది ఒక్కటీ నోటికి రాలేదు. రెసిస్టరూ మోటారూ చిలుమూ అన్నీ కలగాపులగంగా చెప్పేసింది. నీ కళ్ళకేం కాలేదు మామయ్యా, తప్పంతా నాదే అంది.

ఆయన కుర్చీలోంచి లేవకుండానే అంతా విన్నాడు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన ఒక్కటే అడిగాడు.

"బాగుచేయడానికి ఎంతసేపు పట్టింది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "ముప్పావుగంట."

"ఊఁ," అన్నాడు. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్టు, "వాళ్ళు బిళ్ళలు పేర్చమన్నప్పుడు నాకు నవ్వొచ్చింది అమ్మడూ. వాళ్ళంతా అన్నా నేను నమ్మేవాణ్ణి కాదు. నువ్వు చూసి చెప్పావుగా. అప్పుడు నమ్మాను. బిళ్ళలు ముందు పెట్టుకుని కూర్చుంటే ప్రతిదీ నిజంగానే అనుమానంగా కనబడింది," అన్నాడు.

అత్తయ్య ఇదంతా వంటగది గుమ్మంలో నిలబడి వింది. ఆవిడ నోరున్న మనిషి, తిడితే నాలుగు వీధులకు వినబడుతుంది. ఆ రోజు తిట్టలేదు. మేనకోడలు చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"నిజం చెప్పావు, మంచిదే. కానీ నాలుగు రోజులు ఇటు రాకు తల్లీ. నిన్ను చూస్తే నాకు ఆ మాత్రే గుర్తొస్తోంది. ఇన్నాళ్ళుగా రోజూ చేతిలో పెట్టుకుని అడుగుతాడు."

నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. తనను కన్నకూతురికంటే ఎక్కువగా చూసుకున్న ఇంటి ముందు నుంచే ఆమె రోజూ మిల్లుకు వెళ్ళేది. గేటు దాకా వెళ్ళి, తలుపు తట్టకుండా వచ్చేసేది. ఏ లైన్ తనిఖీ చేయమన్నా, మిల్లులో ఉన్న ప్రతి మోటారూ తిరుగుతుంటేనే చేస్తాననీ, తన సంతకం పక్కన ఇంకొకరి సంతకం ఉండాలనీ పట్టుబట్టేది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుందని పనివాళ్ళు వెనకాల అనుకునేవాళ్ళు. అది ఆమెకు వినబడేది.

చివరికి కొత్త మేస్త్రి ఒక మంచి పని చేశాడు. రిపోర్టు సంగతి విని, తనంతట తానే పాత మేస్త్రి ఇంటికి వెళ్ళి, మీటరుకు అందని రంగులు కొన్ని ఉన్నాయనీ, వారానికి రెండు పూటలు వచ్చి చూసిపెట్టమనీ బతిమాలాడు. మేనేజర్ కూడా కాదనలేదు. మామయ్య వద్దన్నాడు. అత్తయ్యే నచ్చజెప్పి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి, ఒకరోజు పొద్దున పంపించింది.

ఆమె ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. మామయ్య ఆమెను చూసి చిన్నగా తలూపాడు. కొత్త మేస్త్రి రెండు బూడిదరంగు గుడ్డముక్కలు కిటికీ దగ్గరి బల్ల మీద పెట్టి, ఏం తేడా ఉందో చెప్పమన్నాడు. ఆమె కంటికి రెండూ ఒకటే. మామయ్య చేత్తో తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, "కుడిచేతిదానిలో ఎరుపు ఒక్క పిసరు ఎక్కువ," అన్నాడు.

అనేసి, వెంటనే తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. సరేనా అన్నట్టు.

కొత్త మేస్త్రి మీటరు ఆనించి, నిజమేనండీ, కచ్చితంగా అంతే అన్నాడు. ఇంకో జత పెట్టాడు. మామయ్య చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు. మళ్ళీ ఆమె వైపే చూశాడు. మూడో జతకూ అంతే. ఆమె ముఖం తిప్పుకుందామనుకుంది. తిప్పుకుంటే తప్పు చెప్పానేమో అనుకుంటాడని, అలాగే నిలబడి తల ఊపింది.

మామయ్య గుడ్డముక్కలు బల్ల మీద నీటుగా మడిచి పెట్టాడు. "కళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి బాబూ. కానీ ప్రతిదానికీ ఇంకొకరిని అడిగి చెప్పేవాణ్ణి పెట్టుకుని మీరేం చేసుకుంటారు? నాకు కుదరదు," అన్నాడు. కొత్త మేస్త్రి ఏదో అనబోయాడు. ఆయన వినలేదు.

ఆమె గేటు దాకా వెంట వెళ్ళింది. ఆయన రోడ్డు అవతలికి వెళ్ళాలి. ఎర్రదీపం వెలుగుతోంది. ఆయన దాని వైపు చూడలేదు. పక్కన నిలబడ్డవాళ్ళు కదిలేదాకా ఆగి, వాళ్ళ వెనకే దాటి వెళ్ళిపోయాడు.